మిల్లు లెక్కల ఫోల్డర్‌ను జడ్చర్ల ఆఫీసుకు తెరవడం: రెండు వేర్వేరు విండోస్ డొమైన్ల మధ్య అనుమతులు ఇచ్చే పద్ధతి

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఉందనుకుందాం. సాగర్ ఎడమ కాలువ కింద పండిన ధాన్యం అక్కడికి వస్తుంది. కాంటా చీట్లు, లారీల లెక్కలు, గోదాము నిల్వల పట్టికలు అన్నీ మిల్లులోని ఒక విండోస్ సర్వర్‌లో, "లెక్కలు" అనే ఒకే ఫోల్డర్‌లో చేరుతుంటాయి. నలభై నాలుగో జాతీయ రహదారి మీద జడ్చర్లలో మరొక సంస్థ ఉంది. దానికి సొంత సర్వర్, సొంత డొమైన్ (ఒకే యూజర్ల జాబితా కింద నడిచే కంప్యూటర్ల కూటమి), సొంత యూజర్లు ఉన్నారు. ఈ రెండు సంస్థలూ కలిసి వ్యాపారం చేయాలని నిర్ణయించుకున్న మరునాడే యజమానుల నుంచి ఒక కోరిక వస్తుంది: జడ్చర్లలో కూర్చున్న అకౌంటెంట్లు తమ కంప్యూటర్ ముందు నుంచి లేవకుండా, మరో పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోనవసరం లేకుండా, మిల్లు లెక్కల ఫోల్డర్‌ను తెరిచి పని చేయగలగాలి. ఈ రెండు సంస్థలు నేను ఉదాహరణ కోసం ఊహించుకున్నవే గాని, కోరిక మాత్రం నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో నెట్‌వర్క్ పనులు చేసేవారందరికీ పరిచయమైనదే.

ఈ కోరికను తీర్చడానికి తొందరలో ఎంచుకునే దారులు రెండు ఉన్నాయి. ఒకటి, మిల్లు సర్వర్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్‌ను ఫోన్‌లో చెప్పేయడం. రెండోది, ఫోల్డర్ మీద "ఎవ్రీవన్" అనే పేరుకు "ఫుల్ కంట్రోల్" ఇచ్చేసి, పని జరుగుతోంది కదా అని వదిలేయడం. మొదటి దానిలో, రేపు ఒక ఫైలు చెరిగిపోతే చెరిపింది ఎవరో ఏ రికార్డూ చెప్పలేదు. రెండోది ఇంకా విచిత్రమైనది: అది అవతలి డొమైన్ వారికి తలుపు తెరవదు, ఎందుకంటే సర్వర్ వారిని అసలు గుర్తించనే లేదు, కాని మిల్లులోనే ఉన్న, ఆ లెక్కలు చూడకూడని ప్రతి ఒక్కరికీ మాత్రం తెరిచేస్తుంది. ఈ రెండు దారులూ వద్దు. సరైన పద్ధతికి ఒక రోజు పని పడుతుంది, ఆ రోజులో ఎక్కువ భాగం తయారీకే పోతుంది.

ఎవరు ఎవరిని నమ్మాలి

విండోస్ 2000 సర్వర్‌తో వచ్చిన యాక్టివ్ డైరెక్టరీలో ప్రతి డొమైన్‌కూ తనదైన యూజర్ల జాబితా ఉంటుంది, ఆ జాబితాను డొమైన్ కంట్రోలర్ కాపాడుతుంది. మిల్లు ఫైల్ సర్వర్ దగ్గరకు ఎవరు వచ్చినా అది తన డొమైన్ కంట్రోలర్‌నే అడుగుతుంది. జడ్చర్ల ఉద్యోగి పేరు ఆ జాబితాలో లేదు కాబట్టి అతను అపరిచితుడే అవుతాడు. ట్రస్ట్ అనేది ఈ ఒక్క చిక్కును తీర్చే ఒప్పందం. "ఫలానా మనిషి ఫలానావాడే అని జడ్చర్ల డొమైన్ కంట్రోలర్ చెబితే, ఆ మాటను మేము ఒప్పుకుంటాం" అని మిల్లు డొమైన్ తన దగ్గర రాసిపెట్టుకోవడమే ట్రస్ట్. ఊళ్లో కొత్త మనిషికి తెలిసిన పెద్దమనిషి జామీను ఉన్నట్టుగా దీన్ని భావించవచ్చు. జామీను వల్ల మనిషి ఎవరో తెలుస్తుంది గాని, గోదాము తాళంచెవి అతని చేతికి రాదు. తాళంచెవి ఇవ్వడం వేరే పని, దాన్ని గోదాము యజమానే చేయాలి. ట్రస్ట్ వేరు, అనుమతి వేరు అన్న ఈ తేడా మనసులో స్పష్టంగా ఉంటే కింద చెప్పబోయే అన్ని మెట్లూ వాటంతట అవే అర్థమవుతాయి. లేకపోతే ట్రస్ట్ పెట్టిన తరువాత కూడా ఫోల్డర్ ఎందుకు తెరుచుకోలేదో తెలియక తిరిగి "ఎవ్రీవన్" దగ్గరికే చేరతాము.

దిశ విషయంలో చాలామంది తడబడతారు. నమ్మకం ఒక వైపుకు సాగితే, ప్రవేశం దానికి ఎదురు వైపుకు సాగుతుంది. ఫోల్డర్ మిల్లులో ఉంది, యూజర్లు జడ్చర్లలో ఉన్నారు. కాబట్టి నమ్మవలసింది మిల్లు, నమ్మకం పొందవలసింది జడ్చర్ల. మిల్లు వైపు నుంచి చూస్తే ఇది "అవుట్‌గోయింగ్" ట్రస్ట్, జడ్చర్ల వైపు నుంచి చూస్తే ఇదే "ఇన్‌కమింగ్" ట్రస్ట్. నేను మొదటిసారి ఇటువంటి పని చేసినప్పుడు యూజర్లు వచ్చేది బయటి నుంచి కదా అన్న ఆలోచనతో ఫోల్డర్ ఉన్న వైపున "ఇన్‌కమింగ్" ఎంచుకున్నాను. ట్రస్ట్ సరిగ్గానే ఏర్పడిందని తెర మీద కనిపిస్తుండగా సాయంత్రం దాకా ఫోల్డర్ అనుమతుల్లో తప్పు వెతికాను. అప్పటి నుంచి విజార్డ్‌లో (ట్రస్ట్ పెట్టేటప్పుడు ఒక్కో ప్రశ్న అడుగుతూ నడిపించే తెరలో) ఆ మాట పక్కన చిన్న అక్షరాల్లో ఉండే వివరణ చదవనిదే ముందుకు వెళ్లను. "అవతలి డొమైన్ యూజర్లు ఈ డొమైన్‌లో ధ్రువీకరణ పొందగలరు" అన్న అర్థం ఇచ్చే వాక్యం ఎక్కడ ఉందో, ఫోల్డర్ ఉన్న వైపున ఎంచుకోవలసింది అదే.

మిల్లు వారికి జడ్చర్ల ఫోల్డర్లతో పని లేనప్పుడు రెండు వైపుల ట్రస్ట్ పెట్టకూడదు. ముందుముందు పనికొస్తుందేమో అని పెట్టే రెండో దిశను ఎవరూ గమనించరు, ఎవరూ తీసివేయరు.

దారి, పేరు, గడియారం

ట్రస్ట్ విజార్డ్ తెరవడానికి ముందే మూడు విషయాలు సరిచూసుకోవాలి. నా అనుభవంలో ట్రస్ట్ విఫలమైన సందర్భాల్లో ఎక్కువ వాటికి కారణం విజార్డ్‌లో కాక ఈ మూడింటిలోనే దొరికింది. అందుకే ఈ భాగాన్ని కొంచెం విస్తారంగా రాస్తున్నాను.

మొదటిది దారి. రెండు ఆఫీసుల మధ్య వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగానే సాగే రహస్య దారి, ఉండాలి. ఫైల్ షేరింగ్‌కు వాడే 445 పోర్టును (పోర్టు అంటే కంప్యూటర్‌కు ఉండే, సంఖ్య ఉన్న తలుపు) ఇంటర్నెట్ వైపు తెరవడం ఎంతమాత్రం తగదు. 2017 మే నెలలో వన్నాక్రై అనే హానికర ప్రోగ్రాము ప్రపంచమంతటా పాకింది సరిగ్గా ఈ తలుపు గుండానే. వీపీఎన్ పెట్టేటప్పుడు మన చిన్న ఆఫీసుల్లో తరచుగా ఎదురయ్యే అడ్డంకి ఒకటి ఉంది: రెండు చోట్లా రౌటర్ పెట్టెలోంచి తీసినప్పుడు ఉన్న 192.168.1 వరుస చిరునామాలే నడుస్తుంటాయి. రెండు ఊళ్లలోనూ ఒకే ఇంటి నంబర్లు ఉంటే ఉత్తరం ఎక్కడికి వెళ్లాలో తెలియనట్టే, ఇక్కడ ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో ప్రయాణించే సమాచారపు మూట) కూడా అవతలి ఊరికి వెళ్లకుండా ఇంట్లోనే తిరుగుతుంది. చిరునామాలను మార్చి చూపే కిటుకులు రౌటర్లలో ఉన్నా, డొమైన్ కంట్రోలర్ల మధ్య వాటిని నమ్ముకోవద్దు. కంప్యూటర్లు తక్కువగా ఉన్న ఆఫీసును ఒక ఆదివారం చూసుకుని వేరే వరుసలోకి మార్చేయడమే మేలు.

వీపీఎన్ నిలిచాక ఫైర్‌వాల్‌లో తెరవవలసిన పోర్టులు ఇవి: పేర్ల కోసం 53, కెర్బరోస్ టికెట్ల (యూజర్ ఎవరో రుజువు చేసే చీట్ల) కోసం 88, ఆర్‌పీసీ (ఒక కంప్యూటర్ మరొకదాని చేత పని చేయించుకునే పద్ధతి) కోసం 135, డైరెక్టరీ కోసం 389, ఫైళ్ల కోసం 445, పాస్‌వర్డ్ మార్పుల కోసం 464, గ్లోబల్ క్యాటలాగ్ (డైరెక్టరీలో వెతకడానికి ఉండే సంక్షిప్త జాబితా) కోసం 3268, వీటితో పాటు ఆర్‌పీసీ అప్పటికప్పుడు ఎంచుకునే 49152 నుంచి 65535 వరకు ఉన్న వరుస. వీటిలో 53, 88, 389, 464 పోర్టులను టీసీపీకీ యూడీపీకీ (సమాచారం పంపే రెండు పద్ధతులు) రెండింటికీ తెరవాలి. ఈ జాబితా మొత్తం డొమైన్ కంట్రోలర్ల మధ్య మాత్రమే అవసరం. కాని ఇక్కడ తరచుగా మరిచిపోయే సంగతి ఒకటి ఉంది. జడ్చర్ల అకౌంటెంట్ కంప్యూటర్ తానే స్వయంగా మిల్లు డొమైన్ కంట్రోలర్ దగ్గరకు వెళ్లి టికెట్ అడగవలసి ఉంటుంది. కాబట్టి ఆ కంప్యూటర్ల నుంచి మిల్లు డొమైన్ కంట్రోలర్‌కు 88, 389 పోర్టులకు, మిల్లు ఫైల్ సర్వర్‌కు 445 పోర్టుకు దారి ఉండాలి.

రెండోది పేరు. మిల్లు డొమైన్ "మిర్యాల.లోకల్" అనీ, జడ్చర్ల డొమైన్ "జడ్చర్ల.లోకల్" అనీ అనుకుందాం. మిల్లు వైపు డీఎన్ఎస్ (పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే సేవ) మేనేజర్ తెరిచి, "కండిషనల్ ఫార్వర్డర్స్" (ఫలానా పేరును ఫలానా సర్వర్‌ను అడగమనే అమరిక) కింద కొత్తగా "జడ్చర్ల.లోకల్" అని చేర్చి, అక్కడి డీఎన్ఎస్ సర్వర్ ఐపీ చిరునామా ఇవ్వాలి. జడ్చర్ల వైపు కూడా ఇదే పనిని అటు తిప్పి చేయాలి. ఒకటికన్నా ఎక్కువ డొమైన్ కంట్రోలర్లు ఉంటే, ఈ అమరికను యాక్టివ్ డైరెక్టరీలో భద్రపరచమనే గడిని ఎంచుకుంటే మిగతా వాటికి అదే చేరుతుంది. తరువాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్ఎస్‌లుకప్‌తో రెండు వైపుల నుంచీ అవతలి డొమైన్ పూర్తి పేరును అడిగి చూడాలి. సమాధానంగా అవతలి డొమైన్ కంట్రోలర్ చిరునామా రావాలి. పింగ్ పనిచేస్తోంది కాబట్టి పేర్లు కూడా పనిచేస్తాయని అనుకోకూడదు, ఐపీ చిరునామాతో కొట్టిన పింగ్‌కు పేర్లతో సంబంధమే లేదు.

పేరు విషయంలోనే ఇంకొక చిక్కు ఉంది. రెండు డొమైన్ల పొట్టి పేర్లు, అంటే నెట్‌బయోస్ పేర్లు, ఒకటే అయితే ట్రస్ట్ ఏర్పడదు. ఒకే కంప్యూటర్ దుకాణం రెండు చోట్లా సర్వర్ పెట్టి, రెండింటికీ "ఆఫీస్" అని పేరు పెట్టి ఉంటే ఈ సమస్య నిజంగానే వస్తుంది. ఒక సర్వర్‌ను నకలు తీసి రెండో సంస్థలో పెట్టి ఉంటే రెండు డొమైన్ల ఎస్ఐడీ (విండోస్ ప్రతి డొమైన్‌కూ ఇచ్చే గుర్తింపు సంఖ్య) కూడా ఒకటే అవుతుంది, అప్పుడూ ట్రస్ట్ కుదరదు. అటువంటి చోట ట్రస్ట్ ఆలోచన మానుకుని, ఈ వ్యాసం చివర్లో చెప్పిన రెండో పద్ధతికి వెళ్లాలి.

మూడోది గడియారం. కెర్బరోస్ టికెట్ మీద సమయం ముద్రించి ఉంటుంది; రెండు వైపుల గడియారాల మధ్య అయిదు నిమిషాలకు మించి తేడా ఉంటే, మొదటి నుంచి ఉన్న నియమం ప్రకారం, ఆ టికెట్ చెల్లదు. కరెంటు తరచుగా పోయే చోట మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయిన సర్వర్ మళ్లీ లేచినప్పుడల్లా సమయం తప్పుతుంది. దీనికన్నా మోసపుచ్చేది టైమ్ జోన్. కొత్త సర్వర్‌లో టైమ్ జోన్ అమెరికాదిగా ఉండగా, గోడ గడియారం చూసి గంటలు, నిమిషాలు మాత్రం చేత్తో సరిచేసినవారిని నేను చూశాను. తెర మీద సమయం సరిగ్గా ఉంటుంది, లోపల మాత్రం గంటల తరబడి తేడా ఉంటుంది, ఎందుకంటే కెర్బరోస్ లెక్కించేది అంతర్జాతీయ సమయాన్ని. టైమ్ జోన్‌ను మన దేశానికి, అంటే అయిదున్నర గంటలు ముందుకు ఉన్నదానికి మార్చి, ఆ తరువాతే సమయాన్ని సరిచేయాలి. రెండు డొమైన్లలోనూ పీడీసీ ఎమ్యులేటర్ (డొమైన్‌లో సమయానికి పెద్దదిక్కు) పాత్ర ఉన్న డొమైన్ కంట్రోలర్‌ను బయటి సమయ సర్వర్‌కు కలిపితే మిగిలిన కంప్యూటర్లు దాన్నే అనుసరిస్తాయి.

ట్రస్ట్ నెలకొల్పడం

ఈ మూడూ సరిగ్గా ఉంటే ట్రస్ట్ పెట్టే పని పావుగంటలో ముగుస్తుంది. మిల్లు డొమైన్ కంట్రోలర్‌లో "యాక్టివ్ డైరెక్టరీ డొమైన్స్ అండ్ ట్రస్ట్స్" తెరిచి, డొమైన్ పేరు మీద కుడి క్లిక్ చేసి, "ప్రాపర్టీస్"లో "ట్రస్ట్స్" అనే ట్యాబ్‌కు వెళ్లి, "న్యూ ట్రస్ట్" నొక్కాలి. పేరు అడిగిన చోట పొట్టి పేరు కాకుండా "జడ్చర్ల.లోకల్" అని పూర్తిగా రాయాలి. తరువాత విజార్డ్ ఎక్స్‌టర్నల్ ట్రస్ట్ (ఒక్క డొమైన్‌తో) కావాలా, ఫారెస్ట్ ట్రస్ట్ (మొత్తం ఫారెస్ట్‌తో, అంటే ఒక సంస్థ డొమైన్లన్నీ కలిసిన సముదాయంతో) కావాలా అని అడుగుతుంది. ఫారెస్ట్ ట్రస్ట్ కావాలంటే రెండు వైపులా ఫారెస్ట్ స్థాయి కనీసం విండోస్ సర్వర్ 2003ది అయి ఉండాలి, ఇప్పుడు నడుస్తున్న సర్వర్లలో ఇది సాధారణంగా సమస్య కాదు. ఎక్కువ చిన్న సంస్థల్లో ఫారెస్ట్ అంటే ఒకే ఒక డొమైన్. అటువంటి చోట నేను ఫారెస్ట్ ట్రస్ట్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే దానిలో కెర్బరోస్ ఒడుదుడుకులు లేకుండా నడుస్తుంది. అవతలి సంస్థలో చాలా డొమైన్లు ఉండి, వాటిలో ఒక్కదానితోనే మనకు పని ఉంటే ఎక్స్‌టర్నల్ ట్రస్ట్ చాలు.

దిశ దగ్గర పైన చెప్పిన విధంగా మిల్లు వైపు "వన్-వే: అవుట్‌గోయింగ్" ఎంచుకోవాలి. రెండు వైపులా ఒకేసారి ట్రస్ట్ పెట్టాలా, ఈ డొమైన్‌లో మాత్రమే పెట్టాలా అన్న ప్రశ్నకు, అవతలి సంస్థ అడ్మినిస్ట్రేటర్ వేరే మనిషి అయితే "ఈ డొమైన్‌లో మాత్రమే" అన్నదే మర్యాద. అవతలివారి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మనం అడగనవసరం లేదు, వారు చెప్పనవసరం లేదు. అప్పుడు ట్రస్ట్ కోసమే ఒక పాస్‌వర్డ్ అనుకుని, రెండు వైపులా అదే రాయాలి. దాన్ని తరువాత ఎవరూ గుర్తుపెట్టుకోనవసరం లేదు, డొమైన్లే దాన్ని వాటంతట అవి మార్చుకుంటూ ఉంటాయి.

తరువాతి ప్రశ్న అన్నింటికన్నా ముఖ్యమైనది: ధ్రువీకరణ పరిధి. "ఫారెస్ట్-వైడ్ అథెంటికేషన్" అని వదిలేస్తే జడ్చర్లలోని ప్రతి యూజర్ మిల్లులోని ప్రతి కంప్యూటర్ దృష్టిలోనూ "అథెంటికేటెడ్ యూజర్స్" అనే సమూహంలో చేరిపోతాడు. మిల్లులో ఎన్నో ఏళ్ల క్రితం ఆ సమూహానికి ఇచ్చి మరిచిపోయిన అనుమతులన్నీ అతనికీ దక్కుతాయి. "సెలెక్టివ్ అథెంటికేషన్" ఎంచుకుంటే, మనం పేరు పెట్టి అనుమతించిన సర్వర్ తప్ప మరే కంప్యూటర్ కూడా అతన్ని లోపలికి రానివ్వదు. రెండోదాన్నే ఎంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను. దానివల్ల పెరిగే పని ఒక్క మెట్టు మాత్రమే. ట్రస్ట్‌తో పాటు ఎస్ఐడీ ఫిల్టరింగ్ (అవతలి వైపువి కాని ఎస్ఐడీలను ఒప్పుకోకపోవడం) అనే రక్షణ కూడా మొదటి నుంచే పనిచేస్తుంటుంది. దాన్ని ఆపమని ఎవరైనా సలహా ఇచ్చినా, ఫోల్డర్ తెరవడానికి అది అడ్డు కాదు కాబట్టి దాని జోలికి వెళ్లవద్దు.

జడ్చర్ల వైపు అడ్మినిస్ట్రేటర్ ఇదే విజార్డ్‌లో "మిర్యాల.లోకల్" అని రాసి, "వన్-వే: ఇన్‌కమింగ్" ఎంచుకుని, అదే పాస్‌వర్డ్ ఇస్తారు. తరువాత మిల్లు వైపు ట్రస్ట్ పేరును ఎంచి, "ప్రాపర్టీస్"లో "వ్యాలిడేట్" నొక్కి చూడాలి. ఇక్కడ లోపం వస్తే దారి, పేరు, గడియారం భాగానికి తిరిగి వెళ్లాలి గాని, ట్రస్ట్‌ను చెరిపి మళ్లీ మళ్లీ పెట్టడం వల్ల ప్రయోజనం లేదు.

రెండు గ్రూపులు, ఒక ముడి

ఇప్పుడు అనుమతుల పని. మనుషుల పేర్లను నేరుగా ఫోల్డర్ మీద రాయకూడదు. జడ్చర్లలో ఒక అకౌంటెంట్ మానేసి మరొకరు చేరినప్పుడల్లా మిల్లు సర్వర్‌ను తెరవవలసి రావడం ఎవరికీ మంచిది కాదు. అందుకని జడ్చర్ల వైపు ఒక గ్లోబల్ గ్రూపు, ఉదాహరణకు "జడ్చర్ల అకౌంటెంట్లు", చేసి వారి ఉద్యోగులను అందులో పెట్టాలి. మిల్లు వైపు ఒక డొమైన్ లోకల్ గ్రూపు, ఉదాహరణకు "లెక్కలు మార్చగలవారు", చేసి అందులో జడ్చర్ల గ్రూపును చేర్చాలి. ఫోల్డర్ మీద రాసేది ఈ రెండో గ్రూపు పేరే. ఎవరు అకౌంటెంటో నిర్ణయించే అధికారం జడ్చర్ల చేతిలో, అకౌంటెంట్లు ఏం చేయవచ్చో నిర్ణయించే అధికారం మిల్లు చేతిలో ఉంటాయి. ఏ సంస్థా రెండో దాని గడప దాటనవసరం లేదు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఇదే.

గ్రూపు రకం తప్పితే పని సాగదు. గ్లోబల్ గ్రూపులో తన డొమైన్ వారే ఉండగలరు, యూనివర్సల్ గ్రూపులో తన ఫారెస్ట్ వారే ఉండగలరు. ట్రస్ట్ అవతలి వారిని లోపల చేర్చుకోగలిగేది డొమైన్ లోకల్ గ్రూపు మాత్రమే. మిల్లు వైపు గ్లోబల్ గ్రూపు చేసి, అందులో జడ్చర్ల పేరు కనిపించడం లేదని వాపోయేవారు ఈ రకాన్ని ఒకసారి చూసుకోవాలి.

జడ్చర్ల గ్రూపును చేర్చేటప్పుడు "లొకేషన్స్" నొక్కి అవతలి డొమైన్‌ను ఎంచుకోవాలి. వెంటనే విండోస్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇది లోపం కాదు. ట్రస్ట్ ఒకే దిశలో ఉన్నందువల్ల మిల్లు అడ్మినిస్ట్రేటర్‌ను జడ్చర్ల డొమైన్ గుర్తించదు, కాబట్టి అక్కడి పేర్ల జాబితా చూడడానికి జడ్చర్లకు చెందిన ఒక సాధారణ యూజర్ లాగిన్ కావాలి. అక్కడి అకౌంటెంటే ఎవరైనా కీబోర్డు దగ్గర కూర్చుని లేదా రిమోట్‌లో తన పాస్‌వర్డ్ తానే కొడితే సరిపోతుంది. చేర్చిన తరువాత మిల్లు డైరెక్టరీలో "ఫారిన్ సెక్యూరిటీ ప్రిన్సిపల్స్" అనే చోట అంకెల వరుసలా ఒక కొత్త పేరు పుడుతుంది. అది జడ్చర్ల గ్రూపుకు ఇక్కడి ప్రతినిధి. చెత్త అనుకుని చెరిపితే అనుమతి తెగిపోతుంది.

సెలెక్టివ్ అథెంటికేషన్ ఎంచుకున్నాం కాబట్టి మిగిలిన ఆ ఒక్క మెట్టు ఇక్కడే పూర్తి చేయాలి. "యాక్టివ్ డైరెక్టరీ యూజర్స్ అండ్ కంప్యూటర్స్"లో "వ్యూ" కింద "అడ్వాన్స్‌డ్ ఫీచర్స్" పెట్టుకుని, ఫైల్ సర్వర్ కంప్యూటర్ పేరు తెరిచి, "సెక్యూరిటీ" ట్యాబ్‌లో జడ్చర్ల గ్రూపును చేర్చి, "అలౌడ్ టు అథెంటికేట్" అన్న గడిలో అనుమతి గుర్తు పెట్టాలి.

గేటు తాళం, గది తాళం

ఫోల్డర్ మీద రెండు రకాల అనుమతులు ఉంటాయి. షేర్ అనుమతి (ఫోల్డర్‌ను నెట్‌వర్క్‌లో పంచేటప్పుడు ఇచ్చేది) మిల్లు గేటు లాంటిది, ఎన్‌టీఎఫ్ఎస్ అనుమతి (డిస్క్ మీద ఫోల్డర్‌కే, ఫైలుకే రాసి ఉండేది) లోపలి గోదాము గది లాంటిది. నెట్‌వర్క్ గుండా వచ్చే మనిషి రెండూ దాటాలి, ఆ రెండింటిలో ఏది బిగుతుగా ఉంటే అదే అతనికి వర్తిస్తుంది. విండోస్ కొత్త షేర్‌కు సాధారణంగా "ఎవ్రీవన్: రీడ్" అని మాత్రమే ఇస్తుంది. ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఎంత ఉదారంగా ఇచ్చినా ఫైలు సేవ్ కాకపోవడానికి చాలాసార్లు కారణం ఈ గేటు దగ్గరి మాటే.

"లెక్కలు" ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి, "ప్రాపర్టీస్", "షేరింగ్", "అడ్వాన్స్‌డ్ షేరింగ్", "పర్మిషన్స్" వరకు వెళ్లి, "ఎవ్రీవన్"ను తీసివేసి, మన డొమైన్ లోకల్ గ్రూపుకు "చేంజ్", మిల్లు అడ్మినిస్ట్రేటర్లకు "ఫుల్ కంట్రోల్" ఇవ్వాలి. ఇదే ఫోల్డర్‌ను మిల్లు ఉద్యోగులు కూడా వాడుతుంటే వారి గ్రూపును చేర్చడం మరవకూడదు. మరిచిపోతే ఉదయం మొదటి లారీ కాంటా మీదికి రాగానే ఫోన్ మోగుతుంది. తరువాత "సెక్యూరిటీ" ట్యాబ్‌లో అదే గ్రూపుకు "మాడిఫై" ఇవ్వాలి. "ఫుల్ కంట్రోల్" ఇస్తే వారు అనుమతులనే మార్చగలరు, ఫోల్డర్‌ను తమ సొంతం చేసుకోగలరు. లెక్కలు రాయడానికి ఆ అధికారం అవసరం లేదు. చూడడం మాత్రమే కావలసిన వారికి "లెక్కలు చూడగలవారు" అని వేరే గ్రూపు చేసి "రీడ్ అండ్ ఎగ్జిక్యూట్"తో ఆపాలి.

"లెక్కలు" లోపల "జీతాలు" అనే ఫోల్డర్ ఉండి, దాన్ని జడ్చర్ల వారు చూడకూడదనుకుంటే "డినై" గుర్తు పెట్టాలన్న ఆలోచన వస్తుంది. నా సలహా అలా చేయవద్దనే. ఒకే మనిషి రెండు గ్రూపుల్లో ఉన్నప్పుడు "డినై" వల్ల అనుమతి ఉండవలసినవారు కూడా ఆగిపోతారు, కారణం దొరకడం కష్టమవుతుంది. "జీతాలు" ఫోల్డర్‌ను ఆ షేర్ బయటికి తీసి వేరే చోట పెట్టడం అన్నింటికన్నా శుభ్రమైన దారి. ఒక జాగ్రత్త: ఒకే డ్రైవ్‌లో ఫోల్డర్‌ను కట్ చేసి జరిపితే దానికి నేరుగా ఇచ్చిన పాత అనుమతులు వెంట వస్తాయి, కాపీ చేస్తే కొత్త చోటి అనుమతులు అంటుకుంటాయి. జరిపిన తరువాత "సెక్యూరిటీ" ట్యాబ్ మళ్లీ చూడాలి.

అనుమతి లేని ఫోల్డర్లు కంటికి కూడా కనిపించకూడదనుకుంటే సర్వర్ మేనేజర్‌లో ఆ షేర్‌కు "యాక్సెస్-బేస్డ్ ఎన్యుమరేషన్" పెట్టవచ్చు.

జడ్చర్ల నుంచి తెరిచి చూడడం

పరీక్షను అడ్మినిస్ట్రేటర్ లాగిన్‌తో చేయకూడదు. జడ్చర్లలోని ఒక నిజమైన అకౌంటెంట్ తన కంప్యూటర్‌లో లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి, ఎందుకంటే గ్రూపులో కొత్తగా చేరిన సంగతి పాత లాగిన్‌కు తెలియదు. తరువాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో \\ఫైల్‌సర్వర్.మిర్యాల.లోకల్\లెక్కలు అని పూర్తి పేరుతో తెరవాలి. మిల్లులో "ఫైల్‌సర్వర్" అన్న పొట్టి పేరు పనిచేసినా జడ్చర్ల కంప్యూటర్ దాన్ని తన డొమైన్‌లోనే వెతుకుతుంది. ఒక ఫైలు సృష్టించి, మార్చి, చెరిపి చూడాలి. ఆ తరువాత, అకౌంటెంట్ల గ్రూపులో లేని మరొక ఉద్యోగితో కూడా ప్రయత్నించి, అతనికి ప్రవేశం దొరకలేదని నిర్ధారించుకోవాలి. ఈ రెండో పరీక్షను చాలామంది చేయరు; రక్షణ ఉందో లేదో చెప్పేది మాత్రం అదే. అన్నీ కుదిరాక జడ్చర్ల వైపు గ్రూప్ పాలసీతో (అన్ని కంప్యూటర్లకూ ఒకేచోటి నుంచి అమరికలు పంపే పద్ధతితో) ఆ దారిని ఒక డ్రైవ్ అక్షరంగా అకౌంటెంట్లకు అందించవచ్చు.

తెరుచుకోకపోతే వచ్చిన సందేశాన్ని నిదానంగా చదవాలి, ఒక్కో సందేశం ఒక్కో మెట్టును చూపిస్తుంది. నెట్‌వర్క్ దారి దొరకలేదన్న అర్థంతో 53 అన్న సంఖ్య వస్తే సమస్య పేరులోనో, 445 పోర్టులోనో ఉంది. యూజర్ పేరు లేదా పాస్‌వర్డ్ తప్పన్న 1326 వస్తే, పాస్‌వర్డ్ నిజంగా సరైనదే అయినప్పుడు, ట్రస్ట్ దిశను, దాని ధ్రువీకరణను చూడాలి. "అథెంటికేషన్ ఫైర్‌వాల్" అన్న మాట కనిపిస్తే సెలెక్టివ్ అథెంటికేషన్ మెట్టులో ఫైల్ సర్వర్ మీద అనుమతి ఇవ్వడం మరిచారని అర్థం. "యాక్సెస్ డినైడ్" అని మాత్రమే వస్తే సంతోషించవచ్చు: సర్వర్ మనిషిని గుర్తించింది, ఇక చూడవలసింది గేటు, గది తాళాలే. లాగాఫ్ అయ్యే వీలు లేనప్పుడు కేలిస్ట్ ఆదేశానికి పర్జ్ అన్న మాట చేర్చి నడిపితే పాత టికెట్లు పోయి కొత్తవి వస్తాయి.

మిల్లు ఫైల్ సర్వర్‌లో ఆడిటింగ్ (ఎవరు ఏం చేశారో నమోదు చేసే ఏర్పాటు) పెట్టుకుంటే, విఫలమైన లాగిన్ 4625 సంఖ్యతోనూ, షేర్‌ను తెరిచిన సంగతి 5140తోనూ, ఫైలు మీద జరిగిన పని 4663తోనూ ఈవెంట్ వ్యూయర్‌లో నమోదవుతాయి. ఫైలు చెరిగిందని ఒకరినొకరు అనుమానించుకునే రోజు రాకముందే దీన్ని పెట్టాలి. ఏ ఏ ఫోల్డర్లను గమనించాలో "సెక్యూరిటీ" కింద "అడ్వాన్స్‌డ్"లోని "ఆడిటింగ్" ట్యాబ్‌లో చెప్పకపోతే 4663 నమోదు కాదన్నది గుర్తుంచుకోవాలి.

ట్రస్ట్ పెట్టలేని చోట

యాసంగి ధాన్యం లెక్కలు ముగిసే దాకా ఇద్దరో ముగ్గురో మాత్రమే ఫోల్డర్ చూడాలనుకుంటే, లేదా అవతలి సంస్థ ట్రస్ట్‌కు ఒప్పుకోకపోతే, మిల్లు డొమైన్‌లోనే వారికి ఖాతాలు ఇవ్వవచ్చు. ముగ్గురికి ముగ్గురు వేర్వేరు ఖాతాలు ఇవ్వాలి, "జడ్చర్ల" అని ఒకే ఖాతా అందరికీ పంచకూడదు. ఖాతా "ప్రాపర్టీస్"లో గడువు తేదీ పెడితే పని అయిన తరువాత అది దానంతట అదే మూతపడుతుంది. జడ్చర్ల కంప్యూటర్‌లో "మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్" తెరిచి, వేరే పేరుతో కలుపమనే గడిని ఎంచి, యూజర్ పేరును "మిర్యాల\పేరు" అన్న రూపంలో ఇవ్వాలి; డొమైన్ పేరు లేకుండా ఇస్తే సరైన పాస్‌వర్డ్ కూడా తప్పుగా కనిపించవచ్చు.

ఈ పద్ధతికి రెండు ఇబ్బందులున్నాయి. ఒకే సర్వర్‌కు ఒకే కంప్యూటర్ నుంచి ఒకే లాగిన్‌లో రెండు వేర్వేరు పేర్లతో కలవడానికి విండోస్ ఒప్పుకోదు, 1219 అన్న సంఖ్యతో ఆపుతుంది. అప్పుడు పాత కనెక్షన్‌ను నెట్ యూజ్ ఆదేశంతో తొలగించి, కొత్త పేరుతో కలవాలి. రెండోది, పాస్‌వర్డ్ మారిన రోజున క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచి ఉంచిన పాతది పదేపదే వెళ్లి ఖాతా లాక్ అవుతుంది. పాస్‌వర్డ్ మార్చిన వెంటనే అక్కడ కూడా మార్చమని ఆ ముగ్గురికీ ముందే చెప్పి ఉంచాలి.

ఒప్పందం ముగిసిన తరువాత

రెండు సంస్థలు విడిపోతే తొలగించే పనికీ ఒక వరుస ఉంది. ముందుగా మిల్లు వైపు డొమైన్ లోకల్ గ్రూపులోంచి జడ్చర్ల గ్రూపును, ఫైల్ సర్వర్ మీద ఇచ్చిన "అలౌడ్ టు అథెంటికేట్" అనుమతిని తీసివేయాలి. ఆ తరువాతే ట్రస్ట్‌ను రెండు వైపులా తొలగించాలి, చివరగా డీఎన్ఎస్ ఫార్వర్డర్లను, ఫైర్‌వాల్ నియమాలను, వీపీఎన్‌ను తీసివేయాలి. ట్రస్ట్‌ను ముందే తీసేస్తే అనుమతుల జాబితాలో జడ్చర్ల పేరు ఉండవలసిన చోట ఎస్-1-5-21తో మొదలయ్యే పొడవైన అంకెల వరుస మిగిలిపోతుంది; ఏడాది తరువాత ఆ సర్వర్ ముందు కూర్చునే మనిషికి అది ఎవరిదో, తీసివేయవచ్చో లేదో చెప్పేవారు ఉండరు.